లైను చివర గంట

ఆగిపోయే ముందు ఫ్యాను నీరసంగా ఓ రెండు చుట్లు తిరిగింది, ఆ కాస్త గాలి మొహానికి తగులుతుండగానే కృపమ్మకు తెలిసిపోయింది, ఎదురుగా ఉన్న కంప్యూటర్ నల్లబడిందని, దానితోపాటు తను చెల్లెలికి రాస్తున్న మాట కూడా సగంలో మునిగిందని. తెనాలి నాజరుపేటలో ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు పోవడం వింతేమీ కాదు, ఉంటేనే నలుగురూ చెప్పుకుంటారు. కానీ పోయేదేదో ఇంకొక్క లైను కొట్టనిచ్చి పోకూడదా? అయిదేళ్లుగా గొంతులో చేపముల్లులా ఇరుక్కున్న మాట ఇవాళ ఎలాగో వేళ్ల చివరికి వచ్చి, ఒక లైను బయటపడి, రెండో లైను పడబోతుంటే సరిగ్గా అప్పుడే పోవాలా? పక్క గదుల్లో కుర్రాళ్లు ఒక్కసారిగా "అబ్బా" అని అరిచి, చెప్పులు వెతుక్కుని, మెట్లు దిగి వెళ్లిపోయారు. వాళ్లకేం, సాయంత్రం మళ్లీ వస్తారు. అరవయ్యేడేళ్ల కృపమ్మ మాత్రం చెక్క అడ్డుగోడల మధ్య, తెర వెనక, మీటల మీద వేళ్లు అలాగే ఉంచుకుని కూర్చుండిపోయింది.

"మేడమ్‌గారూ, కంగారు పడమాకండి," అన్నాడు నెట్ సెంటర్ యజమాని నాగుల్ మీరా ముందు బల్ల దగ్గర నుంచి. "నాలుగింటికల్లా వచ్చేసిద్దండి."

"నేను రాసింది పోయినట్టేనా?"

"ఎంటర్ కొట్టారాండి?"

"లైను అయ్యాక కొట్టకుండా ఎట్టా ఉంటానయ్యా?"

"అయితే ఇంకేంటండి! అది ఈపాటికి రేపల్లె చేరిపోయుంటది. మీ చెల్లెలుగారు చదివేసి కూడా ఉంటారండి," అన్నాడతను, శుభవార్త మోసుకొచ్చిన వాడిలా.

చేరిపోయిందా? ఎంటర్ అంటే లైను మారడం కాదూ? ముప్పై ఏళ్లు ఇదే గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి తను. లైను చివరికి వస్తుండగా ఠింగుమని గంట మోగుతుంది, ఎడమ చెయ్యి లేచి లివరు తోస్తుంది, కాగితం ఒక మెట్టు పైకి జరుగుతుంది, మళ్లీ మొదటి నుంచి కొట్టుకోవడమే. అంతేగాని కాగితం ఎక్కడికీ పోదు. మిషన్లోనే ఉంటుంది. అంతా అయ్యాక బయటికి తీసి, కళ్లజోడు సవరించుకుని చదువుకుని, నచ్చకపోతే చింపి బుట్టలో వేసుకోవచ్చు. ఈ కంప్యూటర్‌కి గంట లేదు, లివరు లేదు. అయినా లైను చివరికొచ్చేసరికి గంట ఆమె చెవిలో దానంతటదే మోగుతుంది, ఎడమ చెయ్యి గాల్లోకి లేస్తుంది. మొదటి రోజు ఆ చెయ్యి పక్క చెక్కకి తగిలి గూడు మొత్తం ఊగితే, నాగుల్ మీరా పరిగెత్తుకొచ్చి, "ఎంటరే మీ లివరనుకోండి మేడమ్‌గారూ," అని చెప్పాడు. అనుకుంది. అప్పటి నుంచి లైను అవగానే కుడి చిటికెన వేలితో ఎంటర్ కొడుతూనే ఉంది. లివరు తొయ్యగానే కాగితం మిషన్లోంచి ఊడిపడి, కాలవ దాటి, పొలాలు దాటి రేపల్లెలో పడుతుందని ఆ మహానుభావుడు చెప్పొద్దూ? ఎలా చెబుతాడు, తన దగ్గరే నేర్చుకుని టైపు లోయర్ పరీక్ష మూడుసార్లు తప్పిన ఘటం. నలభై అయిదేళ్లొచ్చినా ఇంకా రెండు వేళ్లతోనే కొడతాడు, తను అటు చూస్తే భయపడి నాలుగు వేళ్లు పెడతాడు.

అయితే వెళ్లింది ఏ లైను? కృపమ్మ కళ్లు మూసుకుంది. మూసుకోకపోయినా చీకటే. వేళ్లు కొట్టినదాన్ని వేళ్లే మళ్లీ చదివి వినిపించాయి. "రాజమ్మా, సూర్యలంకలో నీ పులుసుకి ఉప్పు లేదన్న మాట ముమ్మాటికీ నిజం." అంతే. అక్కడ గంట మోగింది. ఆ తర్వాత లైను కదా అసలు లైను! "కానీ పదిమందిలో ఆ మాట అన్న నోరు నాది, తప్పు నాది, మనసులో పెట్టుకోకు, ఒక్కసారి ఇంటికి రా" అని ఎంత చక్కగా కూర్చుకుందీ! పొద్దున చట్నీ రుబ్బుతూ కూర్చుకుంది, తల దువ్వుకుంటూ దిద్దుకుంది. ముందు కషాయం పోసి తర్వాత నోట్లో బెల్లంముక్క పెట్టినట్టు, ముందు నిజం చెప్పి తర్వాత మన్నింపు అడుగుదామనుకుంది. ఇప్పుడు కషాయం రేపల్లె వెళ్లింది, బెల్లంముక్క తన చేతిలో ఉండిపోయింది. అసలు నిజంతో మొదలుపెట్టమని ఎవరు ఏడ్చారు? "తప్పు నాది" అని మొదలుపెడితే ఏం పోయేది? పోయేదే మరి. ఉప్పు లేదు కదా! లేనిదాన్ని ఉందని ఎలా అంటుంది? దేవుడు మెచ్చడు. అని తన్ను తాను సమర్థించుకుని, వెంటనే, ఇదిగో ఈ బుద్ధే కొంప ముంచింది అనుకుంది.

అయిదేళ్ల కిందట సూర్యలంక ఇసుక ఆ రోజు కూడా ఇలాగే కాలింది. చర్చి స్త్రీల సమాజం పిక్నిక్కు. తెనాలి నుంచి ఒక బస్సు, రేపల్లె నుంచి ఒక బస్సు, బాపట్లలో ఆగి టీ తాగి, పాటలు పాడుకుంటూ వెళ్లారు. సరుగుడు చెట్ల కింద దుప్పట్లు పరిచి, ఎవరి గిన్నెలు వాళ్లు విప్పారు. రాజమ్మది అన్నింటికన్నా పెద్ద గిన్నె. తెల్లారగట్ట లేచి బొమ్మిడాయిల పులుసు పెట్టింది, ఒలకకుండా బస్సులో అంత దూరం ఒళ్లోనే పెట్టుకుని తెచ్చింది, కొత్త వాయిలు చీర మీద పసుపు మరక పడితే "పడితే పడిందిలే" అంది. మొదటి ముద్ద పాస్టరమ్మగారికి, రెండో ముద్ద అక్కకి. ఆ ముద్ద నోట్లో పెట్టుకున్న కృపమ్మ కళ్లు తిప్పి ముందు పులుసుని చూసింది, తర్వాత కెరటాలని చూసింది, అంతే, నాలిక ఆగలేదు. "ఇదేంటి రాజమ్మా, ఎదురుగా ఇంత సముద్రం పెట్టుకుని ఉప్పుకి కరువొచ్చిందా నీకు?" అనేసింది. పాస్టరమ్మగారికి నవ్వొచ్చి పొలమారింది. ఆవిడ నవ్వాక మిగతావాళ్లు ఊరుకుంటారా? రెండు బస్సుల ఆడవాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వుతుంటే కృపమ్మకి, సిగ్గులేకుండా చెప్పాలంటే, బాగానే అనిపించింది. ఆ నవ్వు మధ్య రాజమ్మ గిన్నెకి మూత పెట్టింది. విసురుగా పెట్టి ఉంటే బాగుండేది. నెమ్మదిగా, చప్పుడు కాకుండా పెట్టి, కొంగుతో చుట్టూ తుడిచింది. ఆ మూత ఇప్పటిదాకా తియ్యలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కృపమ్మ నోటి పుణ్యమా అని రేపల్లె చర్చిలో చెల్లెలికి "ఉప్పులేని రాజమ్మ" అని పేరు పడిపోయింది. ఒక రాజమ్మ పాలకేంద్రం రాజమ్మ, ఒక రాజమ్మ నర్సు రాజమ్మ, ఈ రాజమ్మ ఉప్పులేని రాజమ్మ. ఆ మరుసటి నెల పాస్టరుగారు, పాపం ఆయనకేం తెలుసు, ఉప్పు గురించి ప్రసంగం చేశారట, సంఘమంతా తల తిప్పి ఒక్క మనిషినే చూశారట. రాజమ్మ మూడు వారాలు ఆరాధనకి పోలేదట. ఇవన్నీ తమ్ముడు బర్నబాస్ మోసుకొచ్చి చెప్పేవాడు. అక్కాచెల్లెళ్ల మధ్య ఇటు కబురు అటు, అటు కబురు ఇటు వేస్తూ, రెండువైపులా అన్నం తింటూ, వాడొక్కడే సుఖపడ్డాడు. ఒకరోజు ఇడ్లీ నములుతూ చల్లగా అన్నాడు, "అక్కా, మత్తయి బావకి బీపీ వచ్చిన సంగతి నీకు తెలుసా? పిక్నిక్కుకి ముందే వచ్చింది. ఆయనకి డాక్టరు ఉప్పు వద్దంటే, ఆయనొక్కడే చప్పిడి తినడమేంటని రాజమ్మ కూడా మానేసింది. దాని నాలిక్కి ఉప్పు లెక్క తెలియకుండా పోయింది." కృపమ్మ ఆ పూట ఇడ్లీ తినలేకపోయింది. మొగుడి కోసం నాలిక రుచి వదులుకున్న పిల్లని పట్టుకుని, సముద్రం ముందు నిలబెట్టి నవ్వించింది. అది తెలిశాకైనా వెళ్లి ఉండాల్సింది. రేపోమాపో అనుకుంటుంటే పోయిన చలికాలంలో బర్నబాసే పోయాడు. పెట్టెకి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు కూర్చుని ఏడ్చారు, ఇద్దరికీ ముక్కు తుడుచుకునే గుడ్డ అందించింది వేరేవాళ్లు. అయిదుగురు పుట్టిన ఇంట్లో మిగిలింది ఇద్దరు, ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఆ రోజు నుంచి కృపమ్మకి భయం పట్టుకుంది, వచ్చేసారి పెట్టెలో ఉండేది తనో అదో అని, ఈ ఉప్పు మాట తేలకుండానే మట్టి వేసేస్తారని.

ఫోను చెయ్యొచ్చుగా అంటారు. ఎందుకు చెయ్యలేదు, రెండుసార్లు చేసింది. ఫోనులో గొంతు వినపడుతుంది. రాజమ్మ గొంతులో ఆ బిగింపు వినపడితే కృపమ్మకి తన గొంతు మీద అదుపు పోతుంది, "హలో" దగ్గరే తగాదా మొదలై పెట్టేయడంతో ముగుస్తుంది. బస్సెక్కి వెళ్లొచ్చుగా అంటారు. పెద్దది వెళ్లి చిన్నదాని గడప తొక్కాలా? చిన్నది వచ్చి పెద్దదాన్ని పలకరించాలా? రెండూ ఉప్పూకారం తినే శరీరాలే, అని ఎప్పుడూ అనుకునే మాటే అనుకుని, అందులో ఒకటి ఉప్పు తినడం మానేసిందని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. చివరికి దారి చూపింది వడ్లమూడిలో ఇంజనీరింగు చదువుతున్న రాజమ్మ మనవరాలు మనీషా. "పెద్దమ్మమ్మా, గడప తొక్కక్కర్లేదు, గొంతు వినక్కర్లేదు, ఇంటర్నెట్లో రాసుకోండి. మీ ఇద్దరికీ చెరొక పేరు పెడతా," అంది. ఇక్కడ తనకి, రేపల్లె స్టేషను ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో వాళ్లమ్మమ్మకి అన్నీ తయారుచేసి పెట్టింది. కృపమ్మకి ఆ ఏర్పాటు ఎంత నచ్చిందంటే, ఇన్నాళ్లూ కంప్యూటర్ని తన మిషన్లని తినేసిన రాకాసి అని తిట్టినందుకు లోలోపల చెంపలేసుకుంది. ఆమె నోరు ఎంతమందిని గాయపరిచిందో లెక్కలేదుగాని, ఆమె వేళ్లు ఏనాడూ ఒక్క తప్పు కొట్టలేదు. నోటిని తెర బయట కూర్చోబెట్టి వేళ్లతో మాట్లాడుకునే విద్య ఏదో ఉందంటే, అది తనలాంటి వాళ్ల కోసమే పుట్టి ఉండాలి.

మొన్న మొదటిసారి. అరగంట ఎదురుచూస్తే అవతలి నుంచి ఒక మాట పడింది, "అక్కా బాగున్నావా." ఆ రెండు ముక్కలు చదివి కృపమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది, నాగుల్ మీరా కనిపెట్టి ఫ్యాను స్పీడు పెంచాడు. తను లైన్లకి లైన్లు కొట్టింది, ఎండల గురించి, మోకాళ్ల గురించి, మారీసుపేటలో ఎవరిదో పెళ్లి గురించి. రాజమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుని "ఊ" అని, "సరే" అని కొట్టింది. పక్కన మనీషా ఉంది. ఇవాళ మనీషా కాలేజీలో ఉంది, రాజమ్మ ఒంటరిగా వచ్చి కూర్చుంది, కూర్చుని "వచ్చాను" అని కొట్టింది. ఆ ఒక్క ముక్క చూసే కృపమ్మ ధైర్యం చేసింది. పాపం ఒంటరిగా కూర్చున్న మనిషి కళ్ల ముందు ఆ లైను పడి ఉంటుంది. ఉప్పు. సూర్యలంక. ముమ్మాటికీ నిజం. ఆ కింద ఇంకేమన్నా వస్తుందేమోనని చూసి ఉంటుంది. ఎంతసేపు చూసి ఉంటుంది? అయిదేళ్ల తర్వాత పిలిపించి మరీ అంటుందా ఈ మనిషి, అనుకుని ఉంటుంది. కళ్లు తిరిగి ఉంటాయి. ఇప్పుడు దానికీ బీపీ ఉందో ఏమో! చెప్పడానికి బర్నబాస్ కూడా లేడు.

"నాగుల్ మీరా, నీ సెల్లు ఇటివ్వు." అతను తన సెల్లుఫోను చొక్కాకి తుడిచి ఇచ్చాడు. రేపల్లె ఇంటికి చేస్తే మోగింది, మోగింది, మోగి ఆగింది. మత్తయి మధ్యాహ్నం పడుకుంటే ప్రభువు రెండో రాకడకి కూడా లేవడు. మనీషాకి చేస్తే ఎత్తలేదు, క్లాసులో ఉందేమో. అక్కడికీ ఇక్కడికీ మళ్లీ మళ్లీ చేస్తూ గంటన్నర గడిచిపోయింది. అప్పటికి చొక్కా పూర్తిగా తడిసిపోయిన నాగుల్ మీరా సంగతంతా విన్నాడు, విని, ఓదారుద్దామనుకున్నాడు. "పోనీలెండి, నిజమేగా రాశారు," అన్నాడు. కృపమ్మ అతని వైపు చూసిన చూపుకి, లోయర్ క్లాసులో చూడకుండా కొట్టమంటే దొంగచూపు చూసి దొరికిపోయినప్పటి మొహం పెట్టి, "మజ్జిగ తెస్తానండి," అని మెట్లు దిగిపోయాడు.

గదిలో ఎవరూ లేరు. కిటికీలోంచి వస్తున్న కాస్త వెలుతురులో, తెర సందులోంచి ఎదురు గోడ మీద రంగు మారని చదరపు మచ్చ కనిపించింది. కీబోర్డు పటం వేలాడిన చోటు. ఇరవై మిషన్లు ఒకేసారి కొడుతుంటే ఈ గదిలో వాన కురిసినట్టుండేది. రాజమ్మ కూడా ఇక్కడే నేర్చుకుంది, ఆ కిటికీ పక్క మిషను మీద. ఎంతకీ స్పీడు రాలేదు. గంట మోగితే ఉలిక్కిపడేది. ప్రతి లైనుకీ ఉలిక్కిపడి, అక్క వైపు చూసి నవ్వేది. అప్పుడు కూడా తను, "ఏంటే ఆ ఉలికిపాటు, నీ పెళ్లిగంటా అది?" అని క్లాసంతా నవ్వేలా అంది కదూ? అంది. ఆ పిల్లా నవ్విందనే ఇన్నాళ్లూ అనుకుంది. నిజంగా నవ్విందా, మర్నాటి నుంచి రావడం మానేసిందా? మానేసింది. పెళ్లి కుదిరిందని మానేసిందనుకుంది తను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తను ఊరందరికీ చెబుతుంది. తను తొక్కిన అడుసుకి ఒక కాలవ నీళ్లు చాలేట్టు లేవు. ప్రభువా, కరెంటు ఇయ్యి, ఒక్క లైను కొట్టుకోనీ, ఆ తర్వాత కావాలంటే తెనాలికి నెల్లాళ్లు తియ్యి, అని ప్రార్థించింది. ప్రార్థనలో తెనాలి జనాన్ని ఇరికించినందుకు మళ్లీ ఇంకో చిన్న ప్రార్థన చేసింది.

మెట్ల మీద అడుగులు. నాగుల్ మీరా అడుగులు కావవి, మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటున్న అడుగులు. తెర ఒక్క లాగుడుకి పక్కకి జరిగింది. చెమటకి తడిసిన జాకెట్టు, జారిన ముడి, రైలు కిటికీ మసి అంటిన చెంప. రాజమ్మ. అయిదేళ్లలో సన్నబడింది, మొహం మాత్రం మండిపోతోంది.

"నాకు తెలుసు నువ్వు ఇక్కడే ఉంటావని," అంది. "స్టేషన్లో ప్యాసింజరు నిలబడి ఉంది, ఎక్కేశా. మీ మరిదికి అన్నం కూడా పెట్టలా. ఇన్నేళ్లకి పిలిచి ఆ మాటంటావా? ఇదిగో!" చేతిలోని పొట్లం ధడాల్న కీబోర్డు పక్కన పెట్టింది. రాళ్లుప్పు. రేపల్లె స్టేషను ముందు కొట్లో కొన్నట్టుంది, కాగితం ఒక మూల చిరిగి రెండు రాళ్లు మీటల మధ్యకి దొర్లాయి. "నీకెంత కావాలో అంత వేసుకో. ఇంకేమన్నా మిగిలిందా చెప్పడానికి?"

మిగిలింది. అంతా మిగిలే ఉంది. పొద్దున కూర్చుకున్న లైను అక్షరం పొల్లుపోకుండా వేళ్ల చివర్న ఉంది. కానీ వేళ్లకి ఇప్పుడు పనిలేదు, నోటితో చెప్పాలి, ఆ నోటి మీద కృపమ్మకి పూచిక పుల్లంత నమ్మకం లేదు. తెరిస్తే ముందు ఏం వస్తుందో ఎవరికి ఎరుక? ఒకటి మాత్రం మెరుపులా తట్టింది ఆమెకి, రెండో లైను కూడా వెళ్లి ఉంటే ఇది "సరే" అని ఒక ముక్క కొట్టి ఇంటికి పోయి మొగుడికి చప్పిడి కూర వండేది, రైలెక్కేది కాదు. చెల్లెలి చెంప మీద మసి తుడవాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. సరిగ్గా అప్పుడు నాగుల్ మీరా రెండు గ్లాసుల మజ్జిగతో వచ్చి, ఇద్దరినీ, ఉప్పునీ చూసి, గ్లాసులు బల్ల మీద పెట్టి గోడకి అతుక్కుపోయాడు.

"కూర్చో. మజ్జిగ తాగు," అంది కృపమ్మ. అంతకన్నా క్షేమమైన మాట ఆమెకి దొరకలేదు.

రాజమ్మ కూర్చోలేదు. ఒక గ్లాసు లాక్కుంది, పొట్లంలో చెయ్యి పెట్టి పిడికెడు ఉప్పు తీసింది, అక్క కళ్లలోకే చూస్తూ గ్లాసులో పోసింది, వేలు పెట్టి గిరగిరా తిప్పింది. "తాగు," అని ముందుకి తోసింది. "తాగి చెప్పు. సరిపోయిందో లేదో పదిమందికీ చెప్పు."

పదిమంది లేరు, నాగుల్ మీరా ఒక్కడే ఉన్నాడు. కృపమ్మ గ్లాసు ఎత్తింది. మొదటి గుక్కకే సూర్యలంక మొత్తం నోట్లోకి వచ్చింది. ఇది మజ్జిగటే, ఇందులో చేపలు వదిలితే బతుకుతాయి, అన్న మాట నాలిక మీదకి వచ్చి కూర్చుంది, ఎంత బాగుందో ఆ మాట, నాగుల్ మీరా నవ్వి నవ్వి చచ్చేవాడు. కృపమ్మ ఆ మాటనీ, మజ్జిగనీ కలిపి మింగింది. మళ్లీ ఎత్తింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఉప్పుకో, ఇంకెందుకో ఆమెకే తెలియదు. గ్లాసు అడుగున కరగని రాళ్లు గలగలలాడేదాకా ఆపకుండా తాగి, మూతి తుడుచుకుని, గ్లాసు కింద పెట్టింది.

"సరిపోయింది," అంది.

రాజమ్మ ముందుకి వంగింది. ఆ గ్లాసు తీసుకుంది, అడుగున మిగిలిన చుక్క నాలిక మీద వేసుకుంది, వేసుకోగానే మొహం చిట్లించి కిటికీ దగ్గరికి పరిగెత్తి తుపుక్కున ఉమ్మింది. అలా కిటికీ ఊచ పట్టుకునే నిలబడింది కాసేపు, ఒకప్పుడు తను కూర్చున్న మిషను ఉన్న చోట. భుజాలు అదిరాయి. ఏడుస్తోందేమోనని కృపమ్మ లేవబోయింది. ఇటు తిరిగేసరికి నవ్వుతోంది, మసి మొహం మీద కన్నీళ్లు చారలు కట్టి ఉన్నాయి.

"అక్కా, అబద్ధం ఆడటం ఎప్పుడు నేర్చుకున్నావే?"

"ఇందాకే," అంది కృపమ్మ. "కరెంటు పోయాక."